కల్వకుర్తి దాకా పోయిన తొట్టె

అండాలు పిసినారి మనిషి కాదు. అంగట్లో కూరగాయలమ్మే ముసలమ్మ మొహం చూసి బేరం సగంలో మానేసే రకం. కూతురు సింధూజ నల్గొండలో డిగ్రీ చదువుతానంటే మెడలోని బంగారు గుండ్లు కుదువపెట్టి చేర్పించింది. అట్లాంటి మనిషి, నలభై ఒకటో ఏట కడుపుతో ఉన్నదని తెలిసిన రోజు నుంచి ఆ కడుపు కోసం ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టనివ్వడం లేదు. ఇదేమిటో సింధూజకు అంతుపట్టలేదు.

వాళ్లది రామన్నపేటకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఒక చేనేత ఊరు. తండ్రి పరమేశ్వర్ మగ్గం మీద పట్టుచీరలు నేస్తాడు. రంగులో ముంచే ముందు పట్టుకు రబ్బరు పట్టీలతో ముడులు కట్టే పని అండాలుది. నాయనమ్మ లక్ష్మీనర్సమ్మకు డెబ్బై దగ్గర పడ్డా రోజూ దారం కండెలు చుడుతుంది. ముగ్గురూ కష్టపడితే నెలకు వచ్చేది ఇంటికీ, సింధూజ చదువుకూ సరిగ్గా సరిపోతుంది. మిగిలేదేమీ ఉండదు.

నెలసరి రాకపోతే వయసు మీద పడి ఆగిపోయిందనుకుంది అండాలు. నాలుగు నెలలు అట్లాగే అనుకుంది. ఫిబ్రవరిలో ఒకరోజు కళ్లు తిరిగి మగ్గం గుంట పక్కన కూలబడితే, ఆశా కార్యకర్త రామన్నపేట సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, చెవులకు పెట్టుకున్న గొట్టాలు తీసేస్తూ, "ఎవరికీ చెప్పలేదా ఇన్ని రోజులు?" అని అడిగింది. అండాలు తనకే తెలియదని చెప్పింది. డాక్టరమ్మ నమ్మినట్టు కనిపించలేదు.

సింధూజ వారం రోజులు తల్లితో సరిగ్గా మాట్లాడలేదు. కాలేజీలో ఎవరికైనా తెలిస్తే ఏమంటారోనని ఒకటే బెంగ. తల్లి కూడా గడప దాటడం మానేసింది. వీధి నల్లా దగ్గరికి పరమేశ్వర్ పోయి బిందెలు మోసుకొచ్చేవాడు. అమ్మకు సిగ్గుగా ఉందని సింధూజ అనుకుంది. నలుగురికీ కూడా అదే అనిపించింది.

ఒక ఆదివారం పరమేశ్వర్ భోజనం చేస్తూ అన్నాడు. "రామన్నపేటల ఒక దుకాణంల పిల్లల తొట్లెలు వచ్చినయంట. నల్గొండలైతే ఆరు వేలంటున్నరు. ఈడ జర తక్కువకు వస్తదేమో అడుగుత."

"ఇప్పుడెందుకు?" అంది అండాలు.

"ఇప్పుడు గాకుంటే ఎప్పుడు? గీ నెల కూలి చేతికొచ్చింది. వచ్చే నెల ఉంటదో ఉండదో."

"పైసలు ఖరాబు. వద్దు."

అంతకు ముందు స్కానింగు గురించి కూడా అదే మాట అంది. నర్సు రాసిచ్చిన బలం పొడి డబ్బా గురించీ అదే మాట. పరమేశ్వర్ చీరల చివర్లలో మిగిలిన పోగులతో పుట్టబోయే బిడ్డకు చిన్న చిన్న పొత్తిగుడ్డలు నేద్దామని మొదలుపెడితే, అది కూడా వద్దంది. దానికి రూపాయి ఖర్చు లేదు. మరి అదెందుకు వద్దు? అదే రోజు సాయంత్రం సింధూజ రికార్డు బుక్కులు కొనాలంటే, డబ్బాలోంచి అయిదు వందలు తీసి, ఎందుకనీ ఎంతనీ అడగకుండా చేతిలో పెట్టింది. ఆ నోటు పట్టుకుని సింధూజ చాలాసేపు తల్లినే చూస్తూ కూర్చుంది.

తల్లి వంటింట్లోకి పోయాక నాయనమ్మ మెల్లగా అంది. "కొనుడెందుకు? మనకుండె ఒక తొట్లె. మీ తాత చేసిండు. పాత మగ్గం కర్రలతోటి, ఒక్క ఇనుప మొల లేకుంట చేసిండు. మీ బాపు పండిండు దాంట్ల. నువ్వు గుడ పండినవ్."

"ఏడున్నదవ్వా అది?"

"దేవరకొండల మా చెల్లె కొడుకు దశరథానికిచ్చినం. ఆనికి బిడ్డ పుట్టినప్పుడు."

"దేవరకొండకా? అంత దూరమెందుకు? మనూర్ల ఎవ్వరు లేకుండెనా?"

"ఆడు అడిగిండు. ఇచ్చినం." లక్ష్మీనర్సమ్మ కండె చుట్టడంలో పడిపోయింది. ఇంకేమీ చెప్పదలచుకోనప్పుడు ఆమె అట్లాగే చేస్తుంది.

సింధూజకు మొదట తట్టింది ఆరు వేలు మిగుల్తాయని. తర్వాత తట్టింది బస్సు ఖర్చు లేదని. ఆడవాళ్లకు బస్సులో టికెట్టు తీసేసి మూడు నెలలైంది. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా రూపాయల టికెట్టు కొట్టిస్తారు. దేవరకొండ దాకా పోయి రావడానికి ఒక్క పైసా కాదు.

"పోదామా అవ్వా?"

లక్ష్మీనర్సమ్మ వెంటనే తలెత్తింది. ఆమె కళ్లలో కనిపించిన ఆత్రం చూసి సింధూజ ఆశ్చర్యపోయింది. "నేను కూడ వస్త. నువ్వొక్కదానివి పోతే ఆడు గుర్తుపడ్తడా ఏంది?" అంది ముసలామె.

మరుసటి ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. అండాలుకు మాత్రం సింధూజ నోట్సు కోసం స్నేహితురాలి ఇంటికి పోతున్నదని, నాయనమ్మ తోడుగా పోతున్నదని చెప్పారు. లక్ష్మీనర్సమ్మ కిటికీ పక్కన కూర్చుని, కండక్టర్ ఇచ్చిన సున్నా టికెట్టును రెండుసార్లు మడిచి నడుముకు దోపుకున్న గుడ్డసంచిలో భద్రంగా పెట్టుకుంది. నల్గొండలో బస్సు మారి దేవరకొండ చేరేసరికి పదకొండయింది. ఖిల్లా గుట్ట ఎండకు తెల్లగా మెరుస్తున్నది.

దశరథం బస్టాండు వెనక గల్లీలో టైలరింగ్ దుకాణం నడుపుతాడు. పెద్దమ్మను చూసి మెషీన్ ఆపి లేచాడు. సింధూజ తొట్టె మాట ఎత్తబోతుంటే నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, ముందు వేరే మాట అడిగింది.

"దశరథం, మనీష మంచిగున్నదారా?"

"మంచిగుంది పెద్దమ్మ. పదో తరగతి. గీ నెలనే పరీక్షలు. లోపల సదువుకుంటున్నది."

"ఏం రోగం, నొప్పి గిట్ల లేవు గద?"

"ఏం లేవు. రాయోలె ఉంది."

మనీష లోపలి నుంచి వచ్చి నీళ్లు ఇచ్చింది. లక్ష్మీనర్సమ్మ ఆ పిల్లను తలనుంచి కాళ్ల దాకా చూసి, చెంపలు నిమిరి, "సక్కగ పెరిగినవ్ బిడ్డ" అంది. తర్వాతే తొట్టె గురించి మాట్లాడింది. మనీష రెండేళ్లది కాగానే పక్కింట్లో కిరాయికి ఉన్న చెన్నయ్య తీసుకుపోయాడని దశరథం చెప్పాడు. చెన్నయ్య అప్పుడు కొడుకు కుటుంబంతో దేవరకొండలో ఉండేవాడు, ఇప్పుడు ఊరవతల పల్లెలో తన చేను దగ్గరే ఉంటున్నాడు. దశరథం దగ్గరున్న ఫోను నంబరు పనిచేయలేదు.

"అయిదు కిలోమీటర్లు. ఆటోల దింపిస్త" అన్నాడు దశరథం.

చెన్నయ్య ఇంటి ముందర కందికట్టె కుప్ప, దాని నీడలో మంచం. అరవై దాటిన మనిషి, పలుచగా ఎండిన కట్టెలా ఉన్నాడు. ఎవరు మీరని అడిగి, సంగతి విని, మంచం మీద నుంచి లేచి వాళ్లను కూర్చోబెట్టాడు. ఇక్కడ కూడా నాయనమ్మ ముందు అడిగింది తొట్టె గురించి కాదు.

"మీ ఇంట్ల దాంట్ల ఎంతమంది పండిన్రు?"

"ఇద్దరు. ఇద్దరు మనుమలే. పెద్దోడు ఎనిమిది సదువుతున్నడు, చిన్నోడు ఆరు."

"మంచిగున్నరా?"

"మంచిగనే ఉన్నరు. ఏంది పెద్దమ్మ, గట్ల అడుగుతున్నవ్?"

"ఊకనే."

సింధూజ నాయనమ్మ వైపు చూసింది. ముసలామె చూపు తిప్పుకుంది.

తొట్టె చెన్నయ్య దగ్గర కూడా లేదు. అయిదేళ్ల కిందట అతని చెల్లెలు అరుణమ్మ తీసుకుపోయింది. ఆమెది కల్వకుర్తి దగ్గర పల్లె. చెన్నయ్య ఫోను కలిపి స్పీకరు పెట్టాడు. అవతల నుంచి గట్టి గొంతు వినిపించింది.

"తొట్లెనా? ఉంది. వచ్చి తీస్కపొమ్మను. ఎవరికి కానుపు?"

చెన్నయ్య వివరం చెప్పాడు.

"ఎన్నేండ్లు ఆమెకు?" అని అడిగింది అరుణమ్మ.

"నలభై ఒకటి అంటున్నరు."

"సరె. వచ్చేటోళ్లను రాత్రి ఉండేటట్టు రమ్మను. నాకు మాట్లాడేదుంది."

ఆమెకు ఏం మాట్లాడేదుందోనని సింధూజ తిరుగు ప్రయాణమంతా ఆలోచించింది. నాయనమ్మ ప్రతి ఇంట్లో పిల్లల సంగతే ముందు ఎందుకు అడిగిందో కూడా ఆలోచించింది. అడిగితే, "పెద్దమనిషి పిల్లల గురించి అడగకుంటె ఏమడుగుతది?" అని తప్పించుకుంది లక్ష్మీనర్సమ్మ.

రెండు వారాల తర్వాత కల్వకుర్తి బయల్దేరారు. ఈసారి నిజమే చెప్పింది సింధూజ, అయితే తండ్రికి మాత్రమే. పరమేశ్వర్ మగ్గం ఆపి, పోగును అటూ ఇటూ లాగే నాడెను చేతిలో పట్టుకునే విన్నాడు. "మీ అవ్వ ఏమన్నది?" అని అడిగాడు.

"అవ్వనే ముందల నడుస్తున్నది."

"అయితే పోండ్రి" అని మళ్లీ నేత మొదలుపెట్టాడు.

అరుణమ్మ ఇల్లు రోడ్డు నుంచి ఒక మైలు లోపలికి ఉంది. పల్లి చేన్ల మధ్య రేకుల ఇల్లు, పక్కనే మేకల కొట్టం. ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. గట్టి మనిషి. పెద్ద పిల్లలిద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. అయిదేళ్ల అక్షిత పావడా ఎగ్గట్టి వాకిట్లో తిరుగుతున్నది. వీళ్లను చూడగానే ఆ పిల్ల సింధూజ వేలు పట్టుకుంది.

"తొట్లె సూస్తవా? దా."

కొట్టంలో దూలానికి ఇనుప గొలుసులతో తొట్టె వేలాడుతున్నది. ఒక పక్క కర్రకు వరుసగా బొక్కలున్నాయి. పాత మగ్గం కర్ర అది. నాయనమ్మ చెప్పినట్టే ఒక్క మొల కూడా లేదు, అంతా కొయ్య చీలలే. లోపల పాత గోనెసంచి, దాని మీద రెండు మేకపిల్లలు ఒకదాని మెడ మీద ఒకటి తలపెట్టి నిద్రపోతున్నాయి. వాటి తల్లి పోయిందని, కిందుంటే మిగతా మేకలు తొక్కుతాయని ఇందులో వేశామని అక్షిత చెప్పింది. తనే ఊపుతుందట.

సింధూజ నాయనమ్మ మొహం చూసింది. తాత చేతి పనిలో మేకపిల్లలు పడుకున్నాయని కోపం వస్తుందనుకుంది. లక్ష్మీనర్సమ్మ దగ్గరికి పోయి, బొక్కల కర్ర మీద చెయ్యి వేసి, మేకపిల్లల వైపు వంగి చూసింది.

"గివి గుడ మంచిగనే ఉన్నయి" అంది.

సింధూజ నవ్వేసింది. "అవ్వా, నువ్వు అందరినీ గదే అడుగుతున్నవ్. ఎందుకో చెప్పు."

ముసలామె ఒక మేకపిల్ల చెవి నిమిరింది. సాయంత్రం వాకిట్లో కూర్చుని పల్లికాయలు ఒలుస్తున్నప్పుడు అరుణమ్మే ఆ మాటను వేరే దారిలో కదిలించింది.

"గీ పిల్ల వెనక మీ కోడలికి ఇంకెవ్వరు లేరా?"

లక్ష్మీనర్సమ్మ చేతిలోని కాయలు చేటలో వేసింది. "ఇద్దరు నిలువలే" అంది.

సింధూజ ఈ మాట ఎప్పుడూ వినలేదు.

"ఒకటి అయిదో నెలల పోయింది. ఇంకొకటి ఎనిమిదో నెల దాటినంక. మొగపిల్లగాడు. పుట్టిండు, ఏడ్వలే." ఆమె గొంతు మామూలుగానే ఉంది, చేతులే కదలడం లేదు. "అప్పుడు తొట్లె కడిగి, రంగేసి, ఇంట్ల కట్టి పెట్టినం. కొత్త గుడ్డలు తెచ్చినం, చిన్న దిండు తెచ్చినం. అన్ని ముందుగాలనే తెచ్చిపెట్టినం. దవాఖాన నుంచి ఒట్టి చేతులతోటి వచ్చింది అండాలు. ఇంట్ల అడుగు పెట్టంగనే తొట్లె కనపడ్డది. అత్తమ్మ, గిది నా కంట పడొద్దు అన్నది. గదే వారం దశరథానికి బిడ్డ పుట్టిందని తెలిస్తె, నీ బాపు బస్సు మీదేసి పంపిండు."

సింధూజకు అప్పుడు నాలుగేళ్లుండాలి. కొన్ని రోజులు మేనత్త ఇంట్లో ఉంచడం, ఎప్పుడు ఇంటికి పోదామని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పకపోవడం లీలగా గుర్తుంది. అంతకు మించి ఏమీ లేదు. తల్లితో పందొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నది. రికార్డు బుక్కులకు అడగకుండా నోటు తీసిన చెయ్యి, పొత్తిగుడ్డల దగ్గర ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలిసింది. పల్లికాయల మీదికి వంగి కూర్చుంది.

"మరి ఇదంత తెలిసి ఎందుకొచ్చినవ్ అవ్వా, తొట్లె కోసం?" అని అడిగింది చివరికి.

"మీ తాత చేసింది. దాని మీద ఏం తప్పున్నది?" అని ఆగి, లక్ష్మీనర్సమ్మ మళ్లీ అంది. "అయినా అనుమానముండె బిడ్డ. పదిహేనేండ్లు మనసుల పెట్టుకున్న. ఇంకొకరింటికి పంపితిమి, ఆ పిల్లలు గుడ ఏమైన్రో అని. ఫోను చేసి ఎట్ల అడుగుత? నువ్వు పోదామంటివి. సూసి రావాలనిపించింది."

అరుణమ్మ అక్షితను దగ్గరికి లాక్కుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "ఇది పుట్టినప్పుడు నాకు నలభై మూడు. అల్లుడు ఇంటికొస్తె కొంగు కప్పుకొని లోపల కూసునేదాన్ని. సిగ్గొకటే కాదు, భయం. ఎవ్వరికి చెప్పుకునేదుండె? కాళ్లు వాచినయి. కానుపు కాలం గట్లనే ఉంటదనుకున్న. ఇంకొక రోజు ఆగితే నేను, ఇది, ఇద్దరం పోతుంటిమని డాక్టరు చెప్పింది." ఆమె సింధూజ వైపు తిరిగింది. "మీ అమ్మ కాళ్లు సూసినవా?"

సింధూజ చూడలేదు.

"నేనొచ్చి సూస్త" అంది అరుణమ్మ.

పొద్దున అరుణమ్మ పెనిమిటి కొయ్య చీలలు ఒక్కొక్కటే కొట్టి తొట్టెను విప్పాడు. మేకపిల్లలను గంపలోకి మార్చారు. నాలుగు పక్కల చట్రాలు, అడుగు చెక్క, గొలుసులు కలిపి పెద్ద మోపయింది. "ఇంట్లకు తేకుండ్రి. వేరే తావుల పెట్టుండ్రి. పుట్టినంక సూసుకోవచ్చు" అని అరుణమ్మ చెప్పి పంపింది.

కల్వకుర్తి బస్టాండులో కండక్టర్ ఆ మోపును చూసి తలుపు దగ్గరే నిలబడ్డాడు. లక్ష్మీనర్సమ్మ ఆధార్ కార్డు చూపించింది.

"నీకు సరె పెద్దమ్మ. దీనికి ఆధార్ కార్డుందా?"

"గిది గుడ ఆడిదే అనుకో" అంది లక్ష్మీనర్సమ్మ.

బస్సులో ముందు వరుస ఆడవాళ్లు నవ్వారు. కండక్టర్ కూడా నవ్వుతూనే లగేజీ టికెట్టు కొట్టాడు. దేవరకొండలో ఒకటి, నల్గొండలో ఒకటి, మొత్తం మూడు టికెట్లు. తొట్టె ఖర్చు నూట అరవై రూపాయలకు వచ్చింది.

ఊళ్లో దిగి తొట్టెను పరమేశ్వర్ పెద్దనాయన కొడుకు ఇంటి వెనక కొట్టంలో దాచారు. అండాలుకు అనుమానం రాకుండా ఉండదు. రాత్రి ఉండి వచ్చిన అత్తనూ కూతురినీ మార్చి మార్చి చూసింది కానీ ఏమీ అడగలేదు. భోజనాలయ్యాక లక్ష్మీనర్సమ్మ ఆమె పక్కకు జరిగి కూర్చుంది.

"అండాలు. తొట్లెను తీస్కపోయినోళ్ల ఇండ్లకు పోయొచ్చినం."

అండాలు చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"దశరథం బిడ్డ మనీష పండింది. చెన్నయ్య అని ఒగాయన, ఆయన మనుమలు ఇద్దరు పండిన్రు. కల్వకుర్తి దిక్కు అరుణమ్మ బిడ్డ పండింది. నలుగురు. నలుగురి సంగతి అడిగిన, కొందరిని కండ్లతోటి సూసిన. నలుగురు మంచిగున్నరు." ముసలామె కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. "గంతే చెప్దామని."

అండాలు లేచి లోపలికి పోయింది. అమ్మ ఏడుస్తుందేమోనని సింధూజ తలుపు దాకా పోయి నిలబడింది. ఏడుపు వినపడలేదు. కొంతసేపటికి లోపలి నుంచే తల్లి గొంతు వచ్చింది.

"గా మనీష ఎన్నో తరగతి?"

"పదో తరగతి" అంది సింధూజ.

"అంత పెద్దగయిందా?"

మరుసటి రోజు ముడులు కడుతూ అడిగింది, అరుణమ్మ బిడ్డ పేరేమిటని. ఆ తర్వాతి రోజు, చెన్నయ్య మనవలు ఏం చదువుతున్నారని. మేకపిల్లల సంగతి సింధూజ చెబితే నమ్మక మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. చివరికి తానే అడిగింది, తొట్టె ఎక్కడుందని. ఎక్కడుందో చెప్పారు. "ఆడనే ఉండనియి" అంది. దానికి కోపం లేదు, అట్లాగని తెమ్మనీ చెప్పలేదు. పరమేశ్వర్ మాత్రం ఆ వారం మళ్లీ పొత్తిగుడ్డల నేత మొదలుపెట్టాడు. అండాలు చూసీ చూడనట్టు ఊరుకుంది.

అరుణమ్మ అన్న మాట ప్రకారం జూన్ మొదట్లో వచ్చింది, అక్షితను చంకనేసుకుని, రెండు కిలోల పల్లీలు సంచిలో వేసుకుని. ఇంట్లోకి వచ్చి, నీళ్లు తాగి, ఎవరు ఏమిటని పెద్దగా చెప్పుకోకుండానే అండాలు ముందు గొంతుక్కూర్చుంది.

"చెల్లె, కాలు సాపు."

అండాలు బిత్తరపోయి చాపింది. అరుణమ్మ ఆమె కాలి ముందరి ఎముక మీద బొటనవేలితో గట్టిగా ఒత్తి తీసింది. ఒత్తిన చోట గుంట పడి అట్లాగే ఉండిపోయింది.

"తలకాయ నొస్తున్నదా?"

"జర నొస్తది. ఎండకు."

"ఎండకు కాదు. బీపీ ఎప్పుడు సూపించినవ్?"

అండాలు చూపించుకోలేదు. ఏప్రిల్ తర్వాత దవాఖాన మెట్లెక్కలేదు. ఎందుకని అరుణమ్మ అడిగితే, తలవంచుకుని, "పోతే ఏదో ఒకటి చెప్తరు. వినాలంటె పానం ఒప్పలే అక్కా" అంది. ఈ మాట ఆమె అత్తకు చెప్పలేదు, మొగుడికి చెప్పలేదు. సింధూజ వంటింటి గడపలో నిలబడి విన్నది.

"నాకు గుడ గట్లనే ఉండె" అంది అరుణమ్మ. "నడువు. నేనుంట తోడు."

అదే రోజు నల్గొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. బీపీ చాలా ఎక్కువగా ఉందని అక్కడే ఉంచుకున్నారు. పన్నెండు రోజులు మాత్రలతో, పరీక్షలతో నడిపించారు. అరుణమ్మ నాలుగు రోజులు ఉండి పోయింది. మిగతా రోజులు సింధూజ కాలేజీ నుంచి నేరుగా వార్డుకు వచ్చేది. తల్లి జడ వేసేది, ఇడ్లీ తెచ్చిపెట్టేది. ఒక సాయంత్రం, ఇంతకాలం అడగాలనుకుంటున్న మాట అడిగింది.

"అమ్మా, గా ఎనిమిదో నెల పిల్లగాడు ఎట్లుండె?"

అండాలు కిటికీ వైపు చూస్తూ పడుకుని ఉంది. "మస్తు జుట్టుండె" అంది. "నీ లెక్కనే. మూడు పాయల జడ ఏసేటంత ఉండె." తర్వాత కూతురి చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

నెలలు నిండకముందే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఆడపిల్ల. రెండు కిలోల వంద గ్రాములు. పుట్టగానే ఏడ్చిందని నర్సు వచ్చి చెబితే లక్ష్మీనర్సమ్మ నమ్మక, "మంచిగ ఏడ్చిందా?" అని మూడుసార్లు అడిగింది. పిల్లను పది రోజులు గాజుపెట్టెలో ఉంచారు. ఆ పది రోజులూ అండాలు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పాలు పిండి ఇచ్చి, అద్దంలోంచి చూసి, మంచం మీదికి వచ్చి పడుకునేది. పదకొండో రోజు డాక్టరు ఇంటికి తీసుకుపోవచ్చని చెప్పినా ఇంకో రోజు ఉంటామని అడిగింది. ఆ రోజూ ఉన్నారు.

ఇంటికి వచ్చాక పిల్ల బరువు పెరగడం మొదలైంది. ఆశా కార్యకర్త వారానికోసారి వచ్చి కాటాలో తూచేది. పక్కింటివాళ్లు, ఎదురింటివాళ్లు వచ్చి చూసి, ముక్కు తండ్రిదని ఒకరు, నాయనమ్మదని ఒకరు వాదులాడుకున్నారు. అండాలు పిల్లను ఒళ్లో పెట్టుకుని వాకిట్లోనే కూర్చునేది. తొట్టె తెమ్మని మాత్రం ఇంకా అనలేదు. పరమేశ్వర్ మూడోసారి పొత్తిగుడ్డలు నేసి ఇచ్చాడు. ఖర్చులు పెరిగాయి, అప్పు మాత్రం చేయలేదు. సింధూజ సెలవు రోజుల్లో తల్లి బదులు ముడులు కట్టే పని పట్టుకుంది. వేళ్లు నొప్పులు పుట్టాయి కానీ రంగులో ముంచి తీసినప్పుడు తాను కట్టిన చోట తెల్లటి పువ్వు విచ్చుకుంటుంటే వేరే ఏ పనీ గుర్తుకు రాలేదు.

నెల దాటిన తర్వాత ఒక మంగళవారం అండాలు కొత్తచీర కట్టుకుని సింధూజను పిలిచింది.

"రామన్నపేట పోదాం. పిల్లను మీ అవ్వ సూస్తది."

"ఎందుకమ్మా?"

"పిల్లకు ఒక గౌను కొనాలె. కొత్తది."

బట్టల దుకాణంలో ఆమె గంటసేపు గౌన్లు తీయించింది. ఒక్కొక్కదాని అంచు పట్టుకుని చూసింది, కుట్టు తిరగేసి చూసింది, ధర అడిగింది, పక్కన పెట్టింది. దుకాణాయన విసుగును దాచుకుంటూ, నెల పిల్లలవి వేరే అరలో ఉన్నాయని, అవి తీసి చూపించాడు. బొమ్మకు తొడిగేటంత చిన్నవి. అండాలు వాటిని తాకలేదు. పసుపు పచ్చటి గౌను ఒకటి, చేతులకు చిన్న కుచ్చులున్నది, ముందుకు లాక్కుంది.

"గిది ఎంత పిల్లలకు?"

"అది ఏడాది పిల్లకమ్మా. మీ పిల్లకు మస్తు పెద్దగైతది. ఇప్పుడు తొడగరాదు."

"తెలుసు" అంది అండాలు.

కొంగుకు కట్టిన ముడి విప్పి నోట్లు తీసింది. ధర ఎంత చెప్పాడో అంతా ఇచ్చింది. గౌనును కాగితంలో చుట్టబోతుంటే వద్దని, మడత విప్పి రెండు చేతులతో భుజాల దగ్గర పట్టుకుని, వెలుతురు ఉన్న వైపు తిప్పి చూసింది.